ఫ్రిజ్ తలుపు మీద పెద్ద మాటలు

మా కింది వాటాలో ఉండే అమ్మాయి మొన్న సాయంత్రం ఫోను పట్టుకుని పైకి వచ్చింది. పై చదువుల కోసం ఏదో ఇంగ్లీషు పరీక్ష రాస్తోంది. ఒక విషయం ఇచ్చి, అవునో కాదో తేల్చి వాదించమంటారట. "అంకుల్, మీరు పేపర్లో చేశారు కదా, ఈ వర్డ్స్ అన్నీ ఒకే ఎస్సేలో పట్టేలా చూసి పెట్టండి" అని తెర నా ముందుంచింది. మార్కులు తెచ్చిపెట్టే మాటలంటూ ఎవరో పుణ్యాత్ములు వరసగా పేర్చారు. పైన బరువైన ఇంగ్లీషు మాట, దాని కింద చైనా అక్షరాల్లో అర్థం. "ఇది చైనీస్ స్టూడెంట్స్ కోసం చేసింది అంకుల్. వాళ్ళ లిస్టే బెస్ట్ అంటున్నారు" అంది. చైనా లిపిలో నాకు ఒక్క అక్షరం రాదు. కానీ పైన ఇంగ్లీషు, కింద ఆ గడి గడి అక్షరాలు చూడగానే వేయించిన ఎర్రుల్లి వాసన, మోకాళ్ళకు రాసుకునే ఘాటు తైలం వాసన రెండూ కలిసి ముక్కుకు తగిలాయి. అలాంటి మాటలు ఎక్కడపడితే అక్కడ అంటించిన ఇంట్లో నేను కొంతకాలం ఉన్నాను.

కంప్యూటర్లలో తేదీ మారగానే లోకం ఆగిపోతుందని భయపడి, ఆగకపోయేసరికి జనం రెట్టింపు ఉత్సాహంతో కంప్యూటర్ల వెంటపడిన రోజులవి. విజయవాడలో ఒక దినపత్రిక డెస్క్‌లో ఇంగ్లీషు ఏజెన్సీ వార్తల్ని తెలుగు చేస్తూ, అడపాదడపా సంపాదకీయాలు రాస్తూ నాకు నలభై దగ్గర పడింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ప్రోగ్రాములు రాసేవాళ్ళే కాదు, అవెలా వాడాలో వివరించే పుస్తకాలు రాసేవాళ్ళు కూడా కావాలని ఒక బావమరిది చెప్పాడు. ఆ ఉద్యోగాన్ని టెక్నికల్ రైటర్ అంటారట. అలా సింగపూర్ సైన్స్ పార్క్‌లో తేలాను. నా భార్యది ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం, వదిలి రావడం కుదరలేదు. బెడోక్‌లో ఒక చైనీస్ కుటుంబం ఫ్లాట్‌లో ఒక గది దొరికింది. ఆ గదిని వరంగల్ నుంచి వచ్చిన ప్రోగ్రామర్ కుర్రాడితో పంచుకున్నాను.

ఒంటరితనం అంటే మాట్లాడే మనిషి లేకపోవడమని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. అక్కడ మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. ఆఫీసులో గుడ్ మార్నింగులు, క్యాంటీన్‌లో వాతావరణం, మా గదిలో కుర్రాడి జావా కబుర్లు. లేనిదల్లా పోట్లాట. డెస్క్ మీద మేం ఒక హెడ్డింగ్ కోసం టీ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళం. మాన్యువల్‌లో వాదన ఉండదు. 'ఈ మీట నొక్కండి, పచ్చగా వెలిగేవరకు ఆగండి' అని రాస్తే కాదనేవాడెవడు? పొద్దస్తమానం ఎవరూ కాదనని వాక్యాలు రాసి రైల్లో ఇంటికొచ్చేసరికి నాలుక ఎండిపోయినట్టుండేది. అప్పటికి అపార్ట్‌మెంట్ బ్లాకులన్నిటా దీపాలు వెలిగేవి. కిటికీల్లోంచి కర్రలకు గుచ్చిన బట్టలు గాల్లో ఊగుతుండేవి. ఇన్ని వందల ఇళ్ళలో నన్ను 'నువ్వు చెప్పింది తప్పు' అనే మనిషి ఒక్కరూ లేరు కదా అనుకుంటూ లిఫ్టు కోసం నిలబడేవాణ్ణి.

ఇంటావిడకు యాభై ఏళ్ళుంటాయి. అక్కడ పెద్దవాళ్ళందరూ ఆంటీలే కాబట్టి నాకూ ఆంటీయే. భర్త సరుకు ఓడలో వంటవాడు, ఎప్పుడో గానీ ఇంటికి రాడు. ఇంట్లో అత్తగారు ఉండేది. అందరూ ఆమా అంటారు. ఆమెకు హొక్కియెన్ తప్ప మరో భాష రాదు. రోజంతా టీవీ ముందు కూచుని మోకాళ్ళకు తైలం రాసుకునేది. ఆంటీ చైనీస్ మీడియంలో చదువుకుంది. ఆమె చదువు పూర్తయ్యేసరికి ఊరు మొత్తం ఇంగ్లీషులోకి మారిపోయింది. ఒక కిండర్‌గార్టెన్‌లో పిల్లలకు చైనీస్ పాటలు నేర్పే సహాయకురాలిగా చేరి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కొత్త ప్రిన్సిపాల్ వచ్చి, ఓ-లెవెల్ ఇంగ్లీషు, అంటే మన పదో తరగతి లాంటి పరీక్ష, మంచి మార్కులతో పాసైతేనే క్లాసులో ఉంటారని, లేకపోతే కొత్త సంవత్సరం నుంచి వంటింటి పనికి పంపిస్తామని చెప్పిందట. అప్పటికే ఒకసారి తప్పింది. వ్యాసం దగ్గరే దెబ్బతింది. "వంటింటి పని నాకు ఇంట్లోనే ఉంది లా. పిల్లలు మాత్రం అక్కడే ఉన్నారు" అంది. అక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా', 'ఆ'లు మన 'లే', 'కదా' లాంటివి.

నేను పేపర్లో చేశానని కుర్రాడే ఆమెకు చెప్పాడు. ఒక సాయంత్రం ఏడింటికి భోజనాల బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ తుడిచి, నాకు పాలు లేని కాఫీ పెట్టి ఎదురుగా కూచుంది. "టీచర్ ఆ, చిన్న మాటలు నాకూ వచ్చు. నాకు పెద్ద మాటలు ఇవ్వండి" అంది. చైనీస్ వ్యాసంలో మంచి మాట పడితే మాస్టారు దాని కింద ఎర్ర సిరాతో అలలా గీత గీస్తారట. కాగితం మీద ఎన్ని అలలు లేస్తే అంత గొప్ప వ్యాసమట. నాలుగక్షరాల పాత నానుడి ఒకటి సందర్భం చూసి దించితే ఇక తిరుగు లేదట. నాకు ప్రాణం లేచొచ్చింది. మా సంపాదకీయాలూ అంతేగా! ఒక సామెతతో మొదలెట్టి, తీవ్రంగా ఖండించి, ముక్తకంఠంతో డిమాండ్ చేసి, చివర మరో సామెతతో ముగించేవాళ్ళం. రెండు దేశాల అలంకారప్రియులు ఒక బల్ల దగ్గర కలిశారు. డిప్లొరబుల్, అన్‌ప్రెసిడెంటెడ్, కెటాస్ట్రొఫిక్ అంటూ నేను బుట్టలకొద్దీ దింపాను. ఆమె వాటిని చీటీల మీద రాసి, కింద చైనీస్ అర్థం వేసి ఫ్రిజ్ తలుపుకీ, బియ్యం డబ్బాకీ, స్నానాల గది అద్దానికీ అంటించింది. కుర్రాడు పెరుగు కోసం ఫ్రిజ్ దగ్గరకి వెళ్ళి ఆగిపోయేవాడు. "ఏందన్నా, తలుపు మీద కెటాస్ట్రొఫిక్ అని ఉన్నది. లోపల సాంబారేమన్న ఖరాబైందా?" అనేవాడు. "నువ్వు వచ్చింది మాన్యువల్ రాయనీకా, ఈ ఇంటికి హెడ్డింగులు పెట్టనీకా?"

ఆంటీ వెళ్ళే సాయంత్రపు కోచింగ్‌లో మొదటి అభ్యాస వ్యాసం దిద్ది ఇచ్చారు. బడిలో పంతుళ్ళ బదులు కంప్యూటర్లు పాఠం చెప్పవచ్చా అన్నది విషయం. మేమిద్దరం కలిసి సమకూర్చిన పెద్ద మాటలన్నీ అందులో ఉన్నాయి. ఎర్ర సిరా కూడా ఉంది, ఒక్క అల మాత్రం లేదు. ప్రతి వాక్యం పక్కనా ఒకే రకం ప్రశ్న: అందరూనా? ఎప్పుడూనా? ఎవరన్నారు? చివర వచ్చిన మార్కు మరీ తక్కువ. ఆంటీ కాగితం బోర్లా పెట్టి, ఆమాకు గంజి వడ్డించడానికి లేచింది. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు మామూలు కంటే కొంచెం గట్టిగా వినిపించింది. ఆ రోజు పాఠం జరగలేదు.

గదిలో పడుకుని ఆ ఎర్ర ప్రశ్నలు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. మా డెస్క్‌లో చీఫ్ సబ్ ఎడిటర్ ఒకాయన ఉండేవాడు. నేను కొత్తగా చేరినప్పుడు 'దొంగను పట్టుకున్న పోలీసులు' అని రాస్తే కాగితం నా మీదికే విసిరాడు. "దొంగని ఎవరు చెప్పారయ్యా? నువ్వు చూశావా? నిందితుడు అను. పోలీసుల కథనం ప్రకారం అను" అని పదిమందిలో కడిగేశాడు. సంపాదకీయం పేజీలో కూచున్నాక ఆ పాఠం మరిచిపోయాను గానీ, పత్రికను కాపాడేవి ఆ చిన్న మాటలే. తెలిసింది, భావిస్తున్నారు, కొంతమేరకు, ఇప్పటివరకు. మర్నాడు ఆంటీతో ఆ సంగతే చెప్పాను. పెద్ద మాట వస్తువు రంగు చెబుతుంది, 'పర్హాప్స్' లాంటి చిన్న మాట దాని తూకం చెబుతుంది, పరీక్ష పెట్టేవాళ్ళకు తూకం కావాలి అన్నాను. ఆమె నా వంక అనుమానంగా చూసింది. "పర్హాప్స్ అన్నది మా కిండర్‌గార్టెన్ పిల్లలకి కూడా వచ్చు, టీచర్" అంది. "వచ్చు. ఎక్కడ పెట్టాలో మనిద్దరికే రాలేదు" అన్నాను. ఆమా టీవీ చూస్తూనే ఏదో అంది. ఆంటీ నవ్వి, అడిగినా అర్థం చెప్పలేదు. ఆ ఆదివారం ఫ్రిజ్ మీది చీటీలన్నీ ఊడపీకింది.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. ఒకరు ఒక మాట అంటారు. రెండోవాళ్ళు ముందు అందులో ఒప్పుకోదగ్గది కొంత ఒప్పుకుని, ఆ తర్వాతే కాదనాలి. ఒప్పుకోకుండా కాదంటే తప్పు, కాదనకుండా ఒప్పుకుంటే ఇంకా తప్పు. ఆంటీకి మొదట్లో ఇది మహా ఇబ్బందిగా ఉండేది. టీచర్ని ఎదురుగా కాదనడం ఆమె నేర్చిన మర్యాదలో లేదు. కొన్ని వారాలు గడిచేసరికి ఆ మర్యాద పోయింది. పిల్లలకు హోంవర్క్ ఉండాలా, వీధి తిండి మేలా ఇంటి తిండి మేలా, ఏది దొరికితే దానిమీద తగువే. చీఫ్ సబ్ ప్రశ్న ఆమెకు తెగ నచ్చింది. నేను నోరు జారితే చాలు, పెన్సిలు నాకేసి చూపించి "ఎవరు చెప్పారు? మీరు చూశారా?" అనేది. నాలుక ఎండిపోవడం మానేసింది.

ఒక సాయంత్రం ఆమె ఇచ్చిన విషయం: బ్లాకుల్లో కాపురం మనుషుల్ని దగ్గర చేస్తుందా? ఆ వారం ఇంటి దగ్గర మా అమ్మాయికి జ్వరమని ఫోన్లో తెలిసి, వెళ్ళలేక కుమిలిపోతున్నాను. "ఈ ఊళ్ళో ఎవరికీ ఎవరూ తెలియదు" అనేశాను. ఆంటీ పెన్సిలు కింద పెట్టింది.

"నోబడీ? ఎవరూనా?"

"ఎవరూ."

"మరి నేనెవర్ని, ఆ?"

"సరే, చాలామందికి" అన్నాను. "చాలామందిని మీరు అడిగారా?" అంది. "ఈ అంతస్తులో కొంతమందికి" అన్నాను. "ఎదురు ఫ్లాట్ మలయ్ అంకుల్ మీకు రోజూ హలో చెప్తాడు లా. కొట్టేయండి." అలా కోస్తూ కోస్తూ ఆ వాక్యాన్ని ఆమె ఎక్కడిదాకా తెచ్చిందంటే, 'నాకు కొన్ని సాయంత్రాలు మా ఇల్లు గుర్తొస్తుంది' అన్నది ఒక్కటే మిగిలింది. "ఇది ఎవరూ కొట్టలేరు. ఇది మీది" అని నా కప్పులో మళ్ళీ కాఫీ పోసింది. డెస్క్ మీద అన్నేళ్ళూ ఇతరుల వాక్యాలు కోశాను. నా వాక్యాన్ని అంత జాగ్రత్తగా కోసినవాళ్ళు లేరు. బాధ పోలేదు. కానీ పట్టుకోగలిగేంత చిన్నదైంది.

పరీక్ష ఇంకా కొద్దిరోజులుందనగా కుర్రాడికి వేరే దేశంలో ప్రాజెక్టు వచ్చి సామాను సర్దుకున్నాడు. "అన్నా, ఆంటీ పాసైతే నాకు మెయిల్ కొట్టు. ఫెయిలైతే నువ్వే వంటింట్ల చేరు, ఆమెను బతికించు" అని వెళ్ళిపోయాడు. పరీక్ష రోజు ఆఫీసులో ఏం రాశానో నాకే తెలియదు. ఇంటికొచ్చేసరికి ఆంటీ కూరగాయలు తరుగుతోంది. ఆటలా, చదువా అన్న విషయం ఇచ్చారట. "మా క్లాసులో పిల్లల్ని తలుచుకుని రాశాను. తెలిసిన పెద్ద మాటలు చాలా వదిలేశాను. చేయి దురద పెట్టింది, టీచర్" అంది. ఇక ఫలితాల దాకా ఇద్దరం ఆ ఊసెత్తలేదు. బల్ల దగ్గర తగువులు మాత్రం మానలేదు. పరీక్ష అయిపోయింది కదా, ఇక ఎందుకని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.

పాసైంది. క్లాసులో నిలబడడానికి కావలసిన మార్కే వచ్చింది. ఆ సాయంత్రం ఆమా ఒక పెద్ద నారింజ వొలిచి, తొనలన్నీ నా చేతిలోనే పెట్టింది. ఆంటీ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళొచ్చి, టీచర్ శిక్షణకు కూడా పేరు తీసుకున్నారని చెప్పింది. దూరంగా తంజోంగ్ పగార్ దగ్గర తరగతులు, అన్నీ సాయంత్రాలే. "నేను మంచి టీచర్ అవుతాను, పర్హాప్స్" అంది. "పర్హాప్స్ కొట్టేయండి" అన్నాను. ఇద్దరం నవ్వాం. నిజంగానే సంతోషించాను. మర్నాటి నుంచి సాయంత్రాలు ఏం చేయాలన్నది ఆ నవ్వు ఆగాక గానీ తట్టలేదు.

తరగతులు మొదలయ్యాక ఆమె నేను నిద్రపోయే వేళకు ఇల్లు చేరేది. పొద్దున్నే ఇద్దరికీ హడావిడి. తలుపు దగ్గర ఎదురుపడితే "మకాన్ అయిందా, టీచర్?" అనేది, అంటే తిన్నారా అని. అయిందనేవాణ్ణి. అందులో వాదించడానికేమీ లేదు. ఆఫీసు నుంచి వచ్చి బల్ల దగ్గర పాత పేపరు తిరగేస్తూ కూచునేవాణ్ణి. అలా ఒకరోజు ఏడింటికి ఆమా టీవీ కట్టేసింది. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచి వచ్చి, కోడలి కుర్చీలో నాకు ఎదురుగా కూచుంది. తైలం వాసన గుప్పుమంది. హొక్కియెన్‌లో చాలాసేపు ఏదో చెప్పి, జవాబు కోసం చూసింది. నాకు తోచక, ఆ రోజు ఆఫీసులో జరిగిందంతా తెలుగులో చెప్పాను. ఆమె పూర్తిగా విని, అదేం కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను ఒప్పుకోలేదు. మళ్ళీ చెప్పాను. ఆమె బల్ల మీద వేలితో కొట్టి ఇంకాస్త గట్టిగా చెప్పింది.

కొన్ని నెలలకు నా కాంట్రాక్టు ముగిసి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ళ కబురు నాకు తెలియదు. అంతా గడిచాక అనిపిస్తుంది, ఒకరి కష్టకాలంలో మనకు కూచోవడానికి కాస్త చోటు దొరుకుతుందని, వాళ్ళకు కాలం కలిసివచ్చిన రోజున నవ్వుతూనే ఆ చోటు ఖాళీ చేయాలని. కాలం ఎవరికి కలిసివచ్చినా, ఆ పక్కన కూచున్నవాడి దగ్గర కొంత తీసుకునే వస్తుంది.