అక్క రక్తపరీక్షల గ్రాఫు

తొంభైల చివర్లో నేను పటమటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. అంకెల్ని పట్టికలో పేర్చడం, ఆ పట్టిక నుంచి గ్రాఫు తీయడం నా క్లాసు. మా అక్క మంగళగిరిలో ఉండేది. బావకు అక్కడ చీరల కొట్టు. అక్క కిడ్నీలు దెబ్బతింటున్నాయని తెలిసిన దగ్గర్నుంచి ఇద్దరూ బస్సులో విజయవాడ వచ్చి డాక్టరుకి చూపించుకుని వెళ్తుండేవాళ్లు. నేను క్లాసు ముగించుకుని ఆస్పత్రి దగ్గర కలిసేవాణ్ణి.

రక్తపరీక్షల చీటీలన్నీ కొట్లో చీరలకిచ్చే కవర్లో ఉండేవి. ఒక్కో ల్యాబు చీటీ ఒక్కో సైజు. డాక్టరుగారు పైనున్న ఒకటి రెండు చూసి మందులు రాసేవారు. చీటీల్లో మేం వెతుక్కునేది క్రియాటినిన్ ఒక్కటే. కిడ్నీలు వడకట్టలేక రక్తంలో మిగిలిపోయే మలినం అది. పెరక్కూడదు. పెరిగినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక కారణం దొరికేది. "ఆ వారం పెళ్లిభోజనం తిందిగా" అనేవాడు బావ. "ఈ ల్యాబు వాళ్లు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తారు" అనేది అమ్మ.

అన్నీ ఒక్క కాగితం మీద కనిపిస్తే డాక్టరుగారికి ఏదైనా తోస్తుందని నా ఆశ. ఒక ఆదివారం ఇన్‌స్టిట్యూట్ తాళం అడిగి తీసుకుని, చీటీలు ముందేసుకుని కూర్చున్నాను. మొదట యూరియా, హిమోగ్లోబిన్ కూడా కలిపి గ్రాఫు తీస్తే గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఏదీ తెలియలేదు. వాటిని పట్టికలోనే ఉంచేసి, క్రియాటినిన్‌కి మాత్రమే గీత గీశాను. పరీక్షకీ పరీక్షకీ మధ్య గడిచిన కాలాన్ని బట్టి ఎడం పెట్టాను. మామూలు మనిషికి ఎంతవరకు ఉండవచ్చో అక్కడ సన్నటి అడ్డగీత వేశాను.

గీత కుదిరాక ప్రింటు ఇవ్వబుద్ధి కాలేదు. మేం చెప్పుకున్న పెళ్లిభోజనం, వేరే ల్యాబు అందులో చిన్న గతుకులు. వాటిని దాటుకుంటూ గీత పైకే పోతోంది. అడ్డగీత ఎక్కడో అడుగున ఉండిపోయింది.

డాక్టరుగారు ఆ కాగితం చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూశారు. "ఇది ఎవరు చేశారండీ?"

"నేనేనండీ."

"చాలా క్లియర్‌గా ఉంది. ఇలా ఎవరూ తీసుకురారు." తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, బావ వైపు తిరిగి, "డయాలసిస్ గురించి ఆలోచించుకోండి. ఇంక ఎక్కువ టైము లేదు" అన్నారు. కొత్త మందేదీ రాయలేదు.

బస్టాండులో బావ టీ తేవడానికి వెళ్లినప్పుడు అక్క ఆ కాగితం అడిగింది. ఒళ్లో పరుచుకుని గీత వెంట వేలు పోనిచ్చింది. గీత ఆగిన చోట వేలు ఆగలేదు. అలాగే పైకి జరుగుతూ కాగితం అంచు దాకా వెళ్లింది.

"ఇట్టాగే పోద్ది కదరా?"

"మందులు వాడుతున్నాంగా అక్కా."

"వాడుతూనే ఉన్నాంగా ఇన్నాళ్లూ" అంది. కాగితం మడిచి నాకిచ్చేసి, బస్సు వచ్చిందేమో చూడమంది.

నేనూ వాళ్లతో మంగళగిరి వెళ్లాను. అక్కకు తోడుగా ఉండటానికి వచ్చిన అమ్మ ఆ సాయంత్రం గ్రాఫు చూసింది. అమ్మకు చదువు రాదు. కాగితాన్ని గుమ్మం దగ్గర వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "పైకి పోతోందిగా? మంచిదేగా?" అంది.

నేను అక్క వైపు చూశాను. అక్క గిన్నెలు సర్దుతూనే, "అవునమ్మా, మంచిదే" అంది. పక్కింటావిడకి ఆ మాటే చెప్పుకుంటూ అమ్మ రెండు పూటలు సంతోషంగా తిరిగింది. డయాలసిస్ మొదలైన రోజు ఆస్పత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, "మరి ఆ గీత పైకి పోతోందన్నారేరా?" అని అడిగింది.

బావ వారానికి రెండుసార్లు కొట్టు మూసి అక్కను తీసుకొచ్చేవాడు. యంత్రం మీద పెట్టినప్పుడు అంకె దిగేది, మళ్లీ వచ్చేసరికి ఎక్కేది. కొత్త చీటీలు నేను గ్రాఫులోకి ఎక్కించలేదు, అక్క కూడా అడగలేదు. కిడ్నీ ఇస్తానని అమ్మ ముందుకొచ్చింది గానీ, షుగరు ఉందని డాక్టర్లు వద్దన్నారు. కార్తీకమాసంలో ఒక ఉదయం, ఆస్పత్రికి బయల్దేరడానికి జడ వేసుకుంటూ అక్క మంచం మీద ఒరిగిపోయింది. బావ ఆటో తెచ్చేలోపే అయిపోయింది.

కొన్నాళ్లకి డాక్టరుగారు కబురు పంపారు. వేరే పేషెంట్లకి కూడా అలాంటి కాగితం చేసిపెడతారా అని. కాదనలేకపోయాను. చీటీల కట్టలు పట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కి మనుషులు వచ్చేవాళ్లు. గుడివాడ నుంచి ఒకాయన తన భార్య చీటీలు తెచ్చాడు. ప్రింటు అవుతున్నంతసేపూ నా కుర్చీ వెనకే నిలబడి, "తగ్గుతోందాండీ?" అని అడిగాడు.

"డాక్టరుగారు చెప్తారండీ" అన్నాను.

ఆయన కాగితం తీసుకుని, నలక్కుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు.