మావయ్యగారి స్మోక్ అలారం

మా మావయ్యగారు అనకాపల్లి మార్కెట్లో ఏళ్ళ తరబడి బెల్లం వ్యాపారం చేశారు. దిమ్మ కొస విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, పాకం వేళకి దించారో, కాస్త మాడనిచ్చారో చెప్పేసేవారు. అలాంటి మనిషికి ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక వాసన తెలియడం మానేసింది. మెల్లగా వస్తుందని డాక్టరు అన్నారు. రాలేదు.

అది ఎంత పెద్ద సంగతో నాకు ఒక ఉదయం అర్థమైంది. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కింద నుంచి మాడు వాసన. పరుగున దిగి చూస్తే వంటిల్లంతా పొగ, పొయ్యి మీద పాలగిన్నె నల్లగా బొగ్గయిపోయింది. పక్క గదిలో మావయ్యగారు కిటికీ వైపు తిరిగి పేపరు చదువుకుంటున్నారు.

"ఏటమ్మా, అలా పరిగెట్టుకొచ్చేవు?" అన్నారు.

పొయ్యి కట్టేసి గిన్నె చూపించాను. పేపరు పక్కన పెట్టి దగ్గరకొచ్చారు.

"పాలు నేనే పెట్టేనమ్మా, మరిసిపోయేను. ఇంక ఇల్లు తగలడినా నాకు తెలీదు కదా."

ఆ గొంతు విని ఉండబట్టలేక ఆ పూటే ఫోనులో రెండు స్మోక్ అలారాలకు ఆర్డరు పెట్టాను.

అవి రాగానే మా ఆయన స్టూలెక్కి ఒకటి వంటింటి కప్పుకే బిగించారు. మర్నాడు అత్తయ్య చారుకు పోపు పెట్టారు. ఎండుమిరపకాయ వేగిందో లేదో, అది ఇల్లు అదిరిపోయేలా కూతపెట్టింది. అత్తయ్య గరిటె వదిలేసి పెరట్లోకి పరుగు తీశారు.

"ఇదేటే! నా పోపు మీద దీని పెత్తనమేటి?"

సూచనల కాగితం అప్పుడు చదివాం. వంటింట్లో వద్దట, ఫ్యాను గాలి కొట్టని చోట బిగించాలట. ఒకటి హాల్లోకి, రెండోది పడకగదిలోకి మారాయి. శుక్రవారం సాంబ్రాణి వేసినప్పుడు అత్తయ్య ఆ ధూపం పట్టుకుని, దాని కంట పడకూడదన్నట్టు గోడవారగా నడిచేవారు.

వాటిని చూసుకునే పని మావయ్యగారు ఎవరూ చెప్పకుండానే నెత్తినేసుకున్నారు. ఆదివారం కాఫీ తాగాక బూజుకర్ర వెనక కొసతో రెండింటి బటన్లూ నొక్కి, అవి కూసేదాకా ఊరుకునేవారు కాదు. అప్పుడప్పుడూ స్టూలెక్కి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపేవారు. కింద స్టూలు పట్టుకున్న అత్తయ్య, ఈ వయసులో ఇదేం సర్కసని తిడుతూనే ఉండేవారు. పట్టు మాత్రం వదిలేవారు కాదు.

వానాకాలంలో ఒకరోజు ఇంట్లో ఎక్కడో 'కిక్'మని చప్పుడు మొదలైంది. కాసేపు ఆగి మళ్ళీ. కీచురాయేమోనని అత్తయ్య బీరువా వెనక చీపురు ఆడించారు. నేను మంచం కింద వెతికాను. మావయ్యగారు హాలు మధ్యలో నిలబడి, పైకి చూసి నవ్వారు.

"పురుగూ లేదు, పుట్రా లేదు. దాని బేటరీ అయిపోయింది. ఆకలేసి ఏడుత్తంది, పాపం."

వాన తగ్గాక వెళ్ళమంటే వినకుండా గొడుగేసుకుని బజారుకెళ్ళారు.

మొన్నటి వేసవిలో, నేను పనిచేసే బడికి ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"అమ్మా, కంగారు పడకు. మేవిద్దరం బయటే ఉన్నాం."

ముందు ఆ మాట చెప్పి, తర్వాత నిప్పు సంగతి చెప్పారు. ఆటో ఎక్కి ఇంటికి చేరాను.

మధ్యాహ్నం ఇద్దరూ పడుకుని ఉండగా హాల్లో ఫ్రిజ్ స్టెబిలైజర్ కాలి, పక్కన కర్టెన్ అంటుకుంది. అలారం కూతకు మావయ్యగారు లేచి తలుపు తీస్తే హాలంతా పొగ. వెంటనే ఆ తలుపు మూసేసి, అత్తయ్యను లేపి, పడకగది రెండో తలుపులోంచి వరండాలోకి తీసుకొచ్చారు. అక్కడున్న మెయిన్ స్విచ్ కట్టేసి, ఇరుగుపొరుగును కేకేశారు. ఫైరింజను వచ్చేసరికి వాళ్ళే బకెట్లతో చాలావరకు ఆర్పేశారు. ఫ్రిజ్ పోయింది, గోడ మసిబారింది. అంతే.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఎదురింటి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. వీధంతా చూస్తున్నా అత్తయ్య ఆయన చెయ్యి వదల్లేదు.

"సెప్పులేసుకుంటానంటే ఒప్పుకోలేదే. సెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసేరు. పెళ్ళయిన కాడ్నించీ ఈయన నా సెయ్యి పట్టుకుని నడిపించడం ఇదే" అన్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చేశాను.

"ఊరుకోమ్మా. ఏం కాలేదు కదా" అని మావయ్యగారు నా తల నిమిరారు. 

గోడకు సున్నం వేయించకముందే ఆయన ఇంకో అలారం తెప్పించి, నన్ను వెంటబెట్టుకుని దేవరాపల్లిలో ఉన్న చెల్లెలి ఇంటికి బస్సెక్కారు. ఆవిడ ఇంట్లో బ్యాటరీ బండికి హాల్లోనే ఛార్జింగ్ పెడతారని ఆయన బెంగ. ముందు ఆ బండిని వాకిట్లోకి మార్పించి, తర్వాత కప్పుకు అలారం బిగించారు. ఆవిడ నడుం మీద చేతులేసుకుని అంతా చూసింది.

"దొంగోడొచ్చినా అరుత్తాదేటి అన్నయ్యా?"

"అరవదే. దానికి పొగొక్కటే తెలుసు."

"అయితే ఆడ్ని సుట్ట కాల్సుకుని రమ్మందాం."

మావయ్యగారు పగలబడి నవ్వారు. నిప్పు అంటుకున్న రోజు తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు.