సముద్రం ముందు మింగిన రెండక్షరాలు

కొంచెం గుండె చిక్కబట్టుకుని చదవండి. ఒక సత్తు పడవను, ఒక జాలరి పెద్దాయనను, ఇంకా కుదరని నా పెళ్ళిని ఒకే పూట నీళ్ళలో ముంచబోయిన ఘనుణ్ణి నేను. ముంచబోయిన అన్నాను, ముంచిన అనలేదు. ఆ కాస్త తేడా నా తెలివి వల్ల వచ్చింది కాదని ముందే ఒప్పుకుంటున్నాను.

నా పేరు రెడ్డెప్ప. మాది రామసముద్రం. పేరులో సముద్రం ఉంది కదా అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి బయలుదేరకండి. మాది అచ్చమైన మెట్ట. వెనకటికి ఎవరో మహానుభావుడు ఒక చెరువు తవ్వించి, అందులో నీళ్ళు చూసి తట్టుకోలేక సముద్రమని పేరు పెట్టి ఉంటాడు. కాస్త దూరంలో పెద్దతిప్పసముద్రం కూడా ఉంది, అక్కడా కథ ఇదే. మదనపల్లె బస్టాండులో "సముద్రం, సముద్రం" అని కేకేస్తే ఎక్కేవాళ్ళంతా టమోటా రైతులు. అసలు సముద్రాన్ని నేను ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా చూడలేదు. నాకు సముద్రమంటే గట్టు, తూము, నాలుగు గేదెలు.

మదనపల్లెలో మాకు సత్తు సామాన్ల అంగడి ఉంది. ఊరంతా అల్యూమినియం అంటుంది గానీ, మా అంగట్లో అది సత్తే. గిన్నె చేతికిస్తే వేలితో తట్టి మందం చెప్పేవాణ్ణి. మా నాయన నాకు నేర్పిన విద్య ఒకటే. "గిన్నె ఎంచాలంటే అడుగు సూడు నాయనా. అడుగు సదరంగా నేలను పట్టుకోవాల. ఊగేది గిన్నె కాదు." ఈ మాట గుర్తుపెట్టుకోండి. నన్ను నీళ్ళలోకి దింపింది ఈ మాటే.

సుజాత మదనపల్లె ఆస్పత్రిలో నర్సు. పాలగిన్నె కొనడానికి మా అంగడికి వచ్చి, అదే గిన్నెను మూడుసార్లు మార్చుకుంది. మూడోసారికి గిన్నెలో లోపమేమీ లేదని ఇద్దరికీ అర్థమైంది. వాళ్ళది నెల్లూరు దిక్కున సముద్రం ఒడ్డు పల్లె. వాళ్ళ నాన్న పోలయ్య పుట్టినప్పటి నుంచీ వేట మీద బతికిన మనిషి. మా ఇంట్లో వాళ్ళు పెళ్ళికి ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకోవడమే మిగిలింది. ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు.

"ఏంది అబ్బయ్యా, నీది సత్తు యాపారమంటనే?"

"అవునండీ."

"నా కొయ్య పడవ పనైపోయింది. సత్తు పడవ తీసుకుందామని ఉండా. నాకది కొత్త. గట్టు కనపడనంత దూరం పొయ్యొచ్చే పడవ గావాల. నువ్వే ఎంచి పంపు. పడవ ఎంచడం తెలిసినోడికి పిల్లనిచ్చేదానికి నాకేం భయంలా."

తెలియనివాడికి ఇస్తారా ఇవ్వరా అని నేను అడగలేదు. సుజాత మాత్రం ఆ సాయంత్రమే నాతో, "తెలీదని సెప్పేయ్. మా నాయనకి తెలీదని సెప్పేవాళ్ళంటే ఇష్టం," అంది. మదనపల్లెకు వచ్చి నాలుగేళ్ళయ్యేసరికి ఆమెకు మా మాట పట్టుబడింది.

"సత్తు గురించి నాకు తెలీకపోవడమేంది?" అన్నాను.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాం. ఏరు ఎట్లా ఉంటుందో చూడకముందే తెప్ప కొనడానికి బయలుదేరినవాణ్ణి నేనొక్కణ్ణే.

కుప్పం దగ్గర ఆర్ముగం అనే ఆయనకు ఒక షెడ్డు ఉంది. లారీ బాడీలు కడతాడు, చెరువుల్లో చేపలు పెంచేవాళ్ళకు సత్తు పడవలు కడతాడు. నేను పోయిన రోజు అక్కడ రెండు పడవలున్నాయి. ఒకటి అడుగు చదరంగా, అంచు పొట్టిగా, వడ్డనకు సిద్ధంగా ఉన్న పళ్ళెంలా నేల మీద నిమ్మళంగా కూర్చుంది. రెండోదాని ముక్కు పైకి లేచింది, అడుగు మధ్యలో నాగలిలాగ కోసుగా ఉంది. అది పక్కకు ఒరగకుండా రెండు వైపులా రాళ్ళు పెట్టారు.

"సముద్రానికి," అన్నాను దర్జాగా.

ఆర్ముగం రాళ్ళు పెట్టిన పడవను చూపించాడు. "అట్లయితే ఇదే సార్. అలని కోసుకోని పోతాది. అది సెరువుకి."

నేను కోసు పడవ అంచు మీద చెయ్యి వేసి నొక్కాను. ఊగింది.

"ఊగతాంది గదన్నా."

"ఊగేదే సార్ దాని పని. నీళ్ళతోబాటు ఊగతాది, మునగదు. ఆ సదరందాన్ని అల యెత్తి కొడతాది."

"కుదురు లేకుండా కూసోలేని గిన్నెని నేను మా అంగట్లో గూడా పెట్టనన్నా. నీళ్ళలో దీనికి కుదురు యాడ తెచ్చేది?"

ఆర్ముగం చేతులు తుడుచుకుని, "నీ ఇష్టం సార్. ఇది మాత్రం ఒక నెల అమ్మకుండా పెడతా," అన్నాడు. ఎందుకో నేను అడగలేదు. అడగవలసినవి అడక్కపోవడం ఆ రోజుల్లో నాకు అలవాటు.

చదరం పడవను లారీకెక్కించి తెస్తూ పుంగనూరులో టీకి ఆగాం. ఒక పెద్దాయన వచ్చి లారీ చుట్టూ తిరిగాడు.

"ఏమప్పా, ఇంత పెద్ద బాండలి యా పెండ్లికి?"

"నా పెండ్లికే. బాండలి కాదు పెద్దాయనా, పడవ. సముద్రానికి."

ఆయన అంచును జానతో కొలిచాడు. "మా పుంగనూరులో ఆవులు పొట్టి. నీ పడవకి అంచు గూడా పొట్టిగానే ఉండాదే. నీళ్ళు ఎగిరి లోపలికి దుంకవా?"

"నీళ్ళు యాల దుంకుతాయి పెద్దాయనా?" అని నవ్వాను. మా చెరువులో నీళ్ళు ఎప్పుడూ దూకలేదు మరి.

ఆ ఏడు వానలు బాగా పడి మా చెరువు నిండింది. పడవను దాంట్లోకి దించాం. ఊరు ఊరంతా గట్టు మీదే. నేను పడవ మధ్యలో పలక మీద నిండా నీళ్ళు పోసిన చెంబు పెట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఇంజను మీద పోయొచ్చాను. చుక్క తొణకలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ఫోన్ మోగింది. పోలయ్య.

"ఏం అబ్బయ్యా, పడవని సముద్రంలో నడిపి సూసినావా?"

ఇక్కడే జరిగింది, జరిగిందంతా. రామసముద్రంలో అని చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా ఆ మాటే నాలుక మీదికి వచ్చింది. కానీ మొదటి రెండక్షరాలు ఎందుకో గొంతులోనే ఆగిపోయి, మిగతాది ఒక్కటే బయటికి వచ్చింది.

"సముద్రంలోనే నడిపినామండీ. చెంబు నీళ్ళు తొణకలేదు."

"తొణకలేదా?"

"చుక్క కూడా."

"గాలి ఏ దిక్కుది?"

గట్టు మీద పంచె ఎగురుతున్న మా పక్కింటాయనను చూసి, "పడమటి గాలండీ," అన్నాను. ఇది మాత్రం పూర్తిగా నిజం.

అబద్ధమైతే చెప్పలేదు. అయినా ఆ రాత్రి నుంచి నాకు అన్నం సహించలేదు. వాళ్ళ నాన్న ద్వారా సుజాతకు విషయం తెలిసింది. "పొద్దున సముద్రానికి పోయి మద్యాన్నానికి అంగట్లో ఉండావా? రెక్కలుండాయా నీకు?" అని నిలదీసింది. నేను నసిగాను. ఆమె నవ్వలేదు. "పడవ నీళ్ళలో దిగకముందే మా నాయనకి సెప్పు. నువ్వే సెప్పాల. ఆయన బతికేది దాని మీద," అంది. సరేనన్నాను. లారీ పోయేరోజు చెబుదామనుకున్నాను, చెప్పలేదు. దారిలో ఫోన్ చేద్దామనుకున్నాను, చెయ్యలేదు. ఒడ్డున చెబుదామనుకున్నాను.

ఒడ్డున సముద్రాన్ని చూశాను. నా నోరు పడిపోయింది. మా సముద్రం ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. ఇది ఒక్కచోట ఉండటం లేదు. లేస్తోంది, పడుతోంది, మళ్ళీ మీదికి వస్తోంది. సుజాత సెలవు పెట్టి వచ్చి ఒడ్డున నిలబడి నా మొహంలోకి చూసింది. నేను చెప్పులు చూసుకున్నాను.

పోలయ్య సన్నగా, నల్లగా, ఎండిన చింతబరికెలా ఉన్నాడు. పడవ అడుగు కిందికి వంగి చూశాడు. అంచు మీద చెయ్యి ఆనించాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది సముద్రంలో నడిచిందా?"

"నడిచింది మామా." అదే మొదటిసారి ఆయన్ను మామా అనడం. ఎంత మంచి సమయం చూసుకున్నానో చూడండి.

"అట్టయితే నువ్వు గూడా ఎక్కు."

నాకు తేలే జాకెట్టు ఒకటి తగిలించి ఎక్కించాడు. పెళ్ళికొడుకుకు పట్టుబట్టలు కడతారు, నాకు నారింజ రంగు జాకెట్టు కట్టారు. ఇంజను మోగింది. మొదటి అల కింద నుంచి పడవను లేపి, దభీమని కింద పడేసింది. నా పళ్ళు ఒకదానికొకటి తగిలాయి. రెండో అల మళ్ళీ లేపింది, మళ్ళీ కొట్టింది. ఎత్తి కొడతాది అన్న ఆర్ముగం మాట అప్పుడు గుర్తుకొచ్చి లాభమేమిటి. మూడో అల పొట్టి అంచు మీదుగా, పుంగనూరు పెద్దాయన చెప్పినట్టే, ఎగిరి లోపలికి దూకింది. మోకాళ్ళ దాకా నీళ్ళు.

"తోడు," అన్నాడు పోలయ్య. గొంతు పెంచలేదు.

కాళ్ళ దగ్గర ఒక సత్తు చెంబు తేలుతోంది. పడవతో పాటు కానుకగా మా అంగడి నుంచి నేనే పంపిన చెంబు. దాంతోనే తోడటం మొదలుపెట్టాను. నేను ఒక చెంబు బయటికి పోస్తే సముద్రం ఒక బిందె లోపలికి పోస్తోంది. పుట్టి బుద్ధెరిగి సత్తు వ్యాపారమే చేశాను గానీ చేతుల్లో సత్తువ లేదని ఆ రోజే తెలిసింది. వెనక్కి చూస్తే సుజాత ఒడ్డున గవ్వంత కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. నా ప్రాణం పోతుందని కాదు. ఈ మనిషి మళ్ళీ ఒడ్డుకు చేరకపోతే, ఆమెకు నేను ఏ మొహం పెట్టుకుని చెప్పాలి, అసలు చెప్పడానికి నేనుంటానా అని.

ఐదో అల వస్తోంది. మిగతావాటి కంటే పెద్దది.

"రామ," అని అరిచాను.

"దేవుణ్ణి తర్వాత పిలవచ్చు. నీళ్ళు తోడు."

"దేవుణ్ణి కాదు మామా. రామ... రామసముద్రం. నేను పడవ నడిపింది మా ఊరి చెరువులో."

ఆ అల మా ఇద్దరి నెత్తిన పడింది. ఆయన మొహం తుడుచుకుని ఇంజను చప్పుడు తగ్గించాడు.

"ఇప్పుడు సెప్పినావు. కదలకుండా కూసో. అడ్డం తిరిగినప్పుడు అల తగిలితే బోర్లా పడతాం. రెండు అలల మధ్య తిప్పాల."

కూర్చున్నాను. నా జీవితంలో అంత కదలకుండా ఎప్పుడూ కూర్చోలేదు. ఒక అల పోయింది. ఇంకొకటి పోయింది. ఆయన దేనికోసమో చూస్తున్నట్టు చూసి, ఒక్కసారిగా పడవను తిప్పేశాడు. తర్వాతి అల వెనక నుంచి తోసి మమ్మల్ని ఇసుక మీదికి విసిరింది. నిండు కుండ తొణకదంటారు. నా పడవ నిండింది, తొణికింది, నన్ను కూడా తొణికించి సుజాత కాళ్ళ దగ్గర పోసింది.

దగ్గుతూ లేచి, "తప్పయిపోయింది మామా. సెరువని ముందే సెప్పుండాల," అన్నాను.

"అడుగు సూడంగానే నాకు తెలుసు, అది సెరువు పడవని," అన్నాడు పోలయ్య, బట్టలు పిండుకుంటూ.

"తెలిసి మరి ఎందుకెక్కించినావు నాయనా?" సుజాత ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"నిజం సెప్తాడా లేదా అని. ఒక్క అలకి సెప్తాడనుకున్నా. ఐదు పట్టింది ఈయనకి." తర్వాత నా వైపు తిరిగాడు. "పడవ తెలీకపోతే నేను నేర్పిస్తా అబ్బయ్యా. నోరు తెరిచేది నేను నేర్పించలేను. అది నువ్వే నేర్చుకోవాల."

ఆ మాటకు నాకు అలల కంటే ఎక్కువ సిగ్గేసింది.

మరుసటి వారం ఆయన్ను వెంటబెట్టుకుని కుప్పం పోయాను. రాళ్ళ మధ్య కోసు పడవ అట్లాగే ఉంది. ఆర్ముగం మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. "వస్తావని తెలుసు సార్," అని మాత్రం అన్నాడు. పోలయ్య అంచు నొక్కి, అది ఊగితే, బిడ్డను చూసినట్టు చూసి నవ్వాడు. చదరం పడవ ఇప్పుడు మా చెరువులోనే చేపలవాళ్ళ దగ్గర దివ్యంగా నడుస్తోంది. చెంబు నీళ్ళు ఇప్పటికీ తొణకవు.

పెళ్ళి ఆ ఏడే అయింది. పెళ్ళిలో పోలయ్య నన్ను తన వాళ్ళందరికీ, "మా అల్లుడు కూడా సముద్రం మనిషే," అని పరిచయం చేశాడు. వాళ్ళు మర్యాదగా పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

కనుక, పాఠక మహాశయులారా, సత్తు మీద, సత్యం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ పాత్రనూ అడుగు చూసి ఎంచను. ఊగేదాన్ని తక్కువ చెయ్యను. ఏ ఊరి పేరైనా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఏమీ మింగకుండా పలుకుతాను. ఒకవేళ మరిచిపోయినా, నాకు గుర్తు చెయ్యడానికి మా మామ కొత్త పడవ ముక్కు మీద పేరు రాయించాడు. "రామ" అని మూరెడేసి అక్షరాలు రెండు. వాటి పక్కన, వెతికితే గానీ కనిపించనంత చిన్నగా, "సముద్రం".