ముదిరిన నారు

నేను అనకాపల్లి దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చిన రెండో ఏడు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతోంది. వానలు సకాలంలో పడ్డాయి. మా ఎకరం మడికి నీరందింది, నారు నాటుకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా రెండు ఎడ్లలో ఒకదానికి గాలికుంటు తగిలింది. నోట చొంగ, గిట్టల మధ్య పుళ్లు. మా అత్త రోజూ వేపాకు నీళ్లతో కడిగేది. అది కాలు కింద పెట్టలేకపోయేది.

మడిని బురదగా దున్నే దమ్ము ఒంటి ఎద్దుతో సాగదు. మా ఆయన పక్క మడి రైతు దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఆ రైతుకి చెరుకు తోట ఉంది, రెండు జతల ఎడ్లున్నాయి.

"మామా, రెండు దినాలు ఒక జత ఇయ్యి. నారు ముదిరిపోతంది."

"నీ ఎద్దుకి జబ్బురా. నీ పశువుల సాలలోంచొచ్చి నా ఎడ్లని ముట్టుకుంటే అవీ పడిపోతాయి. తగ్గేక రా, ఇత్తాను."

ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఇంకో ఇద్దరూ అదే మాటన్నారు.

మా ఆయన పార పట్టాడు. ఆయన తవ్వుతుంటే నేను గడ్డలు కాళ్లతో తొక్కేదాన్ని. మడిలో నీరు రోజురోజుకీ ఇంకిపోయింది. సగం మడి అయ్యేసరికి ఆయన నడుం పట్టేసింది, నారు కణుపులు కట్టింది. మా అత్త ఒక మొక్క పీకి, గోటితో చీల్చి చూసింది.

"ఇది ఇంక పిలకలెయ్యదే. దగ్గరదగ్గరగా నాటు."

అలాగే నాటాను. మిగతా సగంలో గడ్డి మొలిచింది.

పక్క మడిలో దుబ్బులు గుబురుగా లేచాయి. మాది ఒంటి పుల్లలుగానే నిలబడి, ముందుగానే వెన్ను తీసింది. వెన్నులు జానెడైనా లేవు. కోత అయ్యాక నూర్చి తూర్పారబట్టాం. గాలికి పోయింది పోగా కళ్లంలో మిగిలిన కొద్ది గింజల్ని మా ఆయన చేత్తో కుప్పకి తోశాడు.

"ఏటి సేత్తాం?" అన్నాను.

"ఏటి సెయ్యగలం?" అన్నాడు.

ఎద్దు బతికింది గానీ నాలుగడుగులు వేస్తే రొప్పేది, మళ్లీ కాడికి పనికిరాలేదు.

మా అత్త విత్తనాలకని కొన్ని గింజలు కుండలో పోసి మూతి కట్టింది. ఎండలు ముదరకుండానే ఆ కుండ తానే విప్పి నా ముందు పెట్టింది. నేను దంచాను. విస్తరి ముందు కూర్చున్న మా ఆయన ఆ బియ్యం ఎక్కడివని అడగలేదు. తల దించుకుని తిని, చెయ్యి కడుక్కుని, పరాయి మడిలో కూలి అడగడానికి వెళ్లాడు.