జాజ్ వారంలో ఎవరూ చనిపోలేదు

ఆదివారం అరగంట నాదేనని సార్ అన్న రోజు డైరీలో ఒకే వాక్యం రాసుకున్నాను: ఏడో రోజు నేను మాట్లాడతాను. ఇప్పుడా పేజీ తిప్పబుద్ధి కావడం లేదు. అయినా ఆ వారం గురించి రాయాలి. మదనపల్లెలో దాన్ని తలచుకుని ఇంకా నవ్వుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఎవరికీ అసలు సంగతి తెలియదు.

డిగ్రీ అయ్యాక మా ఊరి కమ్యూనిటీ రేడియోలో స్క్రిప్టులు రాసే పనిలో చేరాను. కాలేజీ పై అంతస్తులో రెండు గదులు. ఒకదాంట్లో మైకు, కంప్యూటరు, గోడలకు స్పాంజి. ఇంకోదాంట్లో నేను. నేను రాస్తాను, అక్క చదువుతుంది. అక్క అంటే మేమందరం అలా పిలిచే మా అనౌన్సరు. మా స్టేషన్లో రాసినవాళ్ళ పేరు గానీ చదివినవాళ్ళ పేరు గానీ చెప్పే అలవాటు లేదు. అక్కకు దాంతో పనిలేదు, ఆమె దగ్గినా ఊరు గుర్తుపడుతుంది. నా సంగతి మా వీధిలోనే తెలియదు. మా అమ్మ మాత్రం నాది రేడియోలో టైపింగు ఉద్యోగమని అందరికీ చెబుతుంది.

వేరే దేశాల సంగీతం మీద ఒక వారం చేయమని మా స్టేషన్ నడిపే సార్‌కు ఎక్కడినుంచో మెయిల్ వచ్చింది. జాజ్ చేద్దామన్నది నేనే. అమెరికాలో నల్లజాతివాళ్ళ దగ్గర పుట్టిన ఆ సంగీతం గురించి లైబ్రరీలో చదివాను. చదివినదాన్ని వెతుక్కుని బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

"మార్కెట్టుకు టమాటాలు ఏసుకోనొచ్చేటోళ్ళు వింటారామ్మా ఇది?" అన్నారు సార్.

"వింటారు సార్. ఎందుకు వినరు?"

సార్ నావైపు కొత్తగా చూశారు. "నువ్వు ఎదురు మాట్లాడేది ఇదే ఫస్టు. సరే, ఆరు రోజులు అక్క చదువుతాది. ఆదివారం నువ్వే చదువు పో."

అలా ఆ అరగంట నాదైంది. అందులో ఏం పెట్టాలో నాకు వెంటనే తెలిసింది. పుంగనూరులో పెళ్ళి బ్యాండుతో శాక్సాఫోన్ వాయించే ఒక ముసలాయన ఉన్నాడు. చిన్నప్పుడు అక్కడ ఒక పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికూతురిని వదిలేసి ఆయన వెనకాలే నడిచి తప్పిపోయాను. అమ్మ చేతిలో దెబ్బలు తిన్నాను. దెబ్బలకు కాదు, ఆ వాయిద్యం దూరమైపోయినందుకు ఏడ్చాను. ఆయనను రికార్డు చేసి, ఈ సంగతి నా నోటితో చెప్పాలనుకున్నాను.

ముందు వారమే బస్సెక్కి వెళ్ళాను. ప్రశ్నలు అడగడానికి నోరు రాక కాగితం మీద రాసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"నోటితో అడగరాదా బేటా? నాకేమన్నా పరీక్ష పెడతాండావా?"

నవ్వి, మొదటి ప్రశ్న మీద వేలు పెట్టి చూపించాను. ఆయన శాక్సాఫోనుకు మీటల కింద ప్యాడ్లు అరిగినచోట సైకిలు ట్యూబు ముక్కలు అంటించి ఉన్నాయి. నా ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని ఒక జాజ్ ముక్క చివరిదాకా విన్నాడు.

"ఇది మేము చేసేదే కదా," అన్నాడు. "బరాత్‌లో పెండ్లికొడుకు బండి ముందుకు పోదు. ముందర వాని దోస్తులు ఎగరతాంటారు. పాట అయిపోతాది. ఆపితే కొట్టేదానికి వస్తారు. అప్పుడు ఆ పాటనే ఇట్ల మడిచి, అట్ల తిప్పి, యాడికో పోయి మళ్ళా ఈడికే రావల్ల. పాపం, ఈయప్పకు యాడ ఆగిపోయినాదో బండి."

నేను చదివిన పుస్తకాలు ఏవీ ఇంత తేటగా చెప్పలేదు. ఆ మాటలూ, ఆయన వాయించిన రెండు పాటలూ ఫోనులో నింపుకుని తిరిగొచ్చాను.

సోమ, మంగళవారాలు బాగానే గడిచాయి. పొద్దున ఎనిమిది గంటలకు అరగంట. పాటలు కంప్యూటరులో ఉంటాయి, వాటి ముందు మాటలు అక్క అప్పటికప్పుడు మైకులో చదువుతుంది. మంగళవారం సాయంత్రం అక్క ఫోను చేసింది. పలమనేరులో పేరంటానికి వెళ్ళి అక్కడే ఉండిపోయిందట.

"రేపు నువ్వే చదువుకో పాప. నీ కాగితమే కదా, భయమేల?"

బుధవారానికి నేను ఎంచినవి నాలుగు నెమ్మది పాటలు. దుఃఖం గురించిన రోజు అది. మాటలు లేవు, అన్నీ వాయిద్యాలే. కాగితం ముందు పెట్టుకుని మైకు తెరిచాను. ఎర్ర లైటు వెలిగింది. 'నమస్కారం' అని పెద్ద అక్షరాలతో రాసుకున్న మాట కళ్ళముందే ఉంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. నోరు తెరిచాను. నా ఊపిరి హెడ్‌ఫోన్లలో నాకే వినబడింది. అంతకుమించి ఏమీ రాలేదు. మైకు మూసి పాట పెట్టేశాను. పాటకూ పాటకూ మధ్య మళ్ళీ తెరిచాను, మళ్ళీ మూశాను. అరగంట సేపు మదనపల్లెకు ఒక్క మాట లేకుండా శాక్సాఫోన్ ఏడుపు వినిపించాను.

మా వైపు పాతవాళ్ళకు రేడియోతో ఒక లెక్క ఉంది. పెద్ద నాయకుడెవరైనా పోతే పాటలు ఆగిపోతాయి, మాట లేకుండా ఏదో ఒక వాయిద్యం నెమ్మదిగా మోగుతూ ఉంటుంది. అది వినగానే అంగళ్ళు మూస్తారు, బడులకు సెలవిస్తారు. టీవీలు, ఫోన్లు వచ్చి ఎన్నాళ్ళయినా ఆ లెక్క వాళ్ళ చెవుల్లోంచి పోలేదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. మా నాయనమ్మ దగ్గర విన్నదే. ఆ అరగంటలో మాత్రం గుర్తు రాలేదు.

ఎనిమిదిన్నరకు ఫోన్లు మొదలయ్యాయి.

"ఎవురు పొయినారమ్మా? అంగడి మూయల్నా, వద్దా? అది సెప్పండి సాలు."

మగ్గం దగ్గర రేడియో పెట్టుకునే ఒక నేత పనివాడు: "మేము మగ్గం నిలిపేసినాము. పేరు సెప్పకుండా యాల ఊరికే ఏడిపిస్తాండారు?"

ఒకాయన తనకు గిట్టని నాయకుడి పేరు చెప్పి, "ఆయనేనా?" అని ఆశగా అడిగాడు. కాదన్నాను. "మరి ఇంకెవురు?" అని విసుగ్గా పెట్టేశాడు.

ఫోనులో వాళ్ళకు నేను బాగానే జవాబు చెప్పాను. ఎవరూ పోలేదండి, అది జాజ్ అండి, అని. మైకు ముందు రాని గొంతు అప్పుడెలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సార్ వాయల్పాడు నుంచి బస్సులో వస్తారు. తొమ్మిదింటికి గదిలోకి వచ్చినప్పుడు ఆయన మొహం ఎర్రగా ఉంది.

"ఏం జరిగింది?"

"గొంతు పట్టేసింది సార్."

"గొంతు పట్టేస్తే మన స్టేషన్ పేరొచ్చే జింగిల్ ఏయొచ్చు కదమ్మా. ఒక బటను. అదీ నొక్కలేకపోతివా?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"బస్సులో కండక్టరే చెప్పినాడు, రేడియోలో వస్తాండాది, ఎవురో పెద్దాయన పొయినాడని. నేనూ అయ్యో పాపం అంటి. కాలేజీ కరెస్పాండెంటుకు ఫోను చేసి, సార్ ఈ పొద్దు సెలవేనా అని గూడా అడిగితి. ఏ రేడియోలో విన్నావప్పా అన్నాడాయన. మన రేడియోనే అని ఎట్ల సెప్పేది?"

ఇంకెవరైనా అయితే అక్కడ నవ్వేవారు. ఆయన కూడా నవ్వి ఉండేవారేమో. నేను తల వంచుకుని నిలబడ్డాను. మనిషి తల వంచుకుని నిలబడితే ఎదుటివాళ్ళకు ఇంకా తిట్టాలనిపిస్తుంది.

"మైకు ముందర నోరు రానోళ్ళకు ఆదివారం యాల? అది గూడా అక్కే చదువుతాది."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

గురువారం నుంచి ఒక కొత్త నియమం వచ్చింది. ప్రతి పాట మధ్యలో రెండు నిమిషాలకోసారి సంగీతం తగ్గించి అక్క చెప్పాలి: "శ్రోతలారా, ఇది సంగీత కార్యక్రమం మాత్రమే. ఎవరూ చనిపోలేదు." ఆ వాక్యం కూడా నాతోనే రాయించారు.

శుక్రవారం కొత్తగా విడుదలైన జాజ్ పాటల రోజు. కుప్పంలో చదువుకునే ముగ్గురు పిల్లలు హాస్టలు గదిలో రికార్డు చేసి నెట్‌లో పెట్టుకున్న పాట ఒకటి అందులో ఉంది. రేడియోలో రావడం వాళ్ళకు అదే మొదటిసారి. మా సిగ్నలు ఊరు దాటి ఎంతో దూరం పోదు కాబట్టి ఫోనులో యాప్ పెట్టుకుని విన్నారు. వాళ్ళలో గిటారు వాయించే కుర్రాడి వంతు వచ్చేసరికి అక్క గొంతు దిగింది, ఎవరూ చనిపోలేదని. తర్వాత ఆ కుర్రాడి నుంచి నాకు మెసేజ్ వచ్చింది: "మేడమ్, మా పాట అంత ఘోరంగా ఉండాదా?" మీ తప్పు కాదని రాశాను. ఎవరి తప్పో రాయలేదు.

శనివారం అక్క నా ఆదివారం కాగితం చేతిలో పట్టుకుని వచ్చింది. సార్ కూడా పక్కనే ఉన్నారు.

"దీంట్లో అంతా నేను, నేను అని ఉండాది కదా పాప. ఏం చేద్దాము? ఒక అమ్మాయి అని మార్చేదా?"

నేను చదువుతానక్కా అనొచ్చు. సార్ వైపు తిరిగి ఇంకొక్కసారి అడగొచ్చు. ఆయన అంత మొండి మనిషి కూడా కాదు, అడిగితే కరిగేవారేమో. అక్క నా మొహంలోకే చూస్తూ ఉంది. ఆమె కూడా నన్ను అడగమంటోందనే ఇప్పుడు అనిపిస్తుంది.

"మార్చొద్దు, ఉన్నట్టే చదవండి అక్కా," అన్నాను.

ఆదివారం నేను పక్క గదిలో కూర్చుని విన్నాను. 'నాకు చిన్నప్పటి నుంచీ నలుగురిలో నోరు రాదు' అని మొదలవుతుంది ఆ కాగితం. పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండే అక్క ఆ వాక్యాన్ని 'నోరు' దగ్గర చిన్నగా ఆగి, గొంతు సన్నం చేసి, సిగ్గుపడినట్టు చదివింది. నా సిగ్గు నాకంటే ఆమెకే బాగా వచ్చింది. ఊరేగింపు, తప్పిపోవడం, దెబ్బలు, అన్నీ ఆమెవైపోయాయి. తర్వాత పుంగనూరు ఆయన మాటలూ, పాటలూ వచ్చాయి. సార్ తలుపు దగ్గర నిలబడి తల ఊపుతున్నారు. ఎవరూ చనిపోలేదని ఆ రోజు ఒక్కసారి కూడా చెప్పించలేదు.

కార్యక్రమం అయిన పది నిమిషాలకు నా ఫోను మోగింది. పుంగనూరు నుంచి ఆయన.

"బేటా, మా గల్లీ అంతా ఫోనులో పెట్టుకుని విన్నాము. నా బాజా సంగతి ఇడిసిపెట్టు. నువ్వు ఎంత బాగా మాట్లాడినావమ్మా. ఆ పొద్దు మా ఇంట్లో రెండు గంటలు కూచుంటివి, నాలుగు మాటలు గూడా రాలేదు నీ నోట్లోంచి. నేను గుర్తే పట్టలేదు గొంతు."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నువ్వే కదా మాట్లాడింది?"

ఇక్కడ మైకు లేదు, ఎర్ర లైటు లేదు. అవతల ఒక ముసలాయన, ఒక్కడే. కాదని చెబితే ఆయన ఏమీ అనడు. అక్క పక్క గదిలో సార్‌తో నవ్వుతూ మాట్లాడుతోంది.

"అవును తాతా," అన్నాను. ఆ వారమంతటిలో నా గురించి తడబడకుండా నా నోటినుంచి వచ్చిన మాట అదే.