పాత ప్రోగ్రాముకి కొత్త నంబరు

ఆ రోజు ఫోన్‌లో నేను చెప్పని మాట ఒకటి ఉంది. పదకొండేళ్లు గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆత్మకూరులో నాదొక చిన్న ఆఫీసు. రక్తపరీక్షల ల్యాబులకు రిపోర్టులు ప్రింటు చేసే సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తాను. ఉదయగిరిలో ఒక ల్యాబుకూ ఇచ్చాను. అందులో ఒక లోపం బయటపడింది. ఒకే రోజు ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు వస్తే ఒకరి ఫలితం రెండోవాళ్ల రిపోర్టులోకి పోయేది. కోడ్ సరిదిద్దాను. కానీ దాంతో ప్రోగ్రాము తయారు చేయబోతే ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోయింది. మర్నాడే ఇస్తానని మాటిచ్చి ఉన్నాను.

మామూలుగా ప్రోగ్రాము తయారయ్యేటప్పుడు వెర్షన్ నంబరు కోడ్‌లోంచి దానంతటదే వచ్చి చేరుతుంది. కావాలంటే మనమే చేత్తో వేరే నంబరు ఇవ్వొచ్చు. నేను పాత కోడ్‌నే తీసుకుని, దానికి 3.2 అని కొత్త నంబరు వేసి పంపాను. వారంలో అసలుది పెట్టేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. ఈలోగా ఏం జరుగుతుందిలే అనుకున్నానా, లేక అసలేమీ అనుకోలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

నాలుగో రోజు ఆ ల్యాబుకి ఇద్దరు మస్తానమ్మలు వచ్చారు. ఒకామె మర్రిపాడు వైపు గొర్రెలు కాసుకునే మనిషి, షుగరు లేదు. షుగరున్న రెండో ఆమె ఫలితం ఈమె రిపోర్టులో పడింది. దాన్ని చూసి డాక్టరు ఇచ్చిన షుగరు మాత్రలు మింగి, మంద వెనక నడుస్తూ పడిపోయింది. అదృష్టం, బతికింది.

ల్యాబు యజమాని ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, స్క్రీన్ మీద 3.2 అని ఉండాది. నువ్వు బాగుచేసింది ఇదేగా?"

"అదే సార్."

"అయితే నీ తప్పేం లేదులే. మా పెంచలయ్యే పేర్లు తారుమారు చేసినాడు. ఏమంటావ్?"

"అయ్యుండొచ్చు సార్."

పెంచలయ్య అక్కడి టెక్నీషియన్. ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. తర్వాత ఏ ల్యాబూ అతన్ని పెట్టుకోలేదు. నేను రెండు రోజుల్లో అసలైన ప్రోగ్రాము పంపాను, అదే 3.2 నంబరుతో. పాతదాని జాడ లేకుండా పోయింది. ఉదయగిరి నుంచి ఫోన్ వస్తే, ఇప్పటికీ వెంటనే ఎత్తను.

మొన్న జరిగిందంతా రాసి, సంతకం చేసి, ఒక కాగితం ల్యాబులో ఇచ్చాను. ఇంకొకటి పట్టుకుని అనుమసముద్రంపేట వెళ్లాను. దర్గా వీధిలో పెంచలయ్య అత్తరు, అగరొత్తులు అమ్ముతున్నాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"మా నాయన గూడా నన్ను నమ్మలేదన్నా. 'నువ్వే మార్చుంటావు లేరా' అన్నాడు. పోయేదాకా అదే మాట."

గిరాకీ వస్తే అటు తిరిగి అత్తరు సీసా అందించాడు. నా వైపు చూడలేదు. నేను కదల్లేదు. కొనేవాళ్లు వింటున్నారని తెలిసీ, గొంతు పెంచి అన్నాను: "తప్పు నాది పెంచలయ్యా, నీది కాదు. తెలిసీ ఆ రోజు చెప్పలేదు. నన్ను క్షమించు."