మామ చివరి పుస్తకం మీద పసుపు

నిన్న పొద్దున, పాత పుస్తకాలు సేకరించే హైదరాబాదు ఆయన ఒకరు నా ఫోనుకు ఒక ఫోటో పంపారు. మా మేనమామ చివరి కథల పుస్తకం, తొలి ముద్రణ. కింద వివరం: సంతకం రచయితది కాదు, మొదటి పేజీలో పసుపు మరక. ఆ రెండు మాటలూ ఒకప్పుడు నేను రాసినవే. అవి తప్పండీ అని జవాబు పెడితే, అచ్చులో ఉంది కదా సార్ అన్నారు.

మామది ఆత్మకూరు. బడిపంతులుగా చేస్తూ కథలు రాసేవాడు. ఏ పుస్తకమైనా ముందు వంద ప్రతులే వేయించి, నారాయణపేట నేతగుడ్డతో అట్టలు కట్టించి, నంబరు వేసి, సంతకం చేసి, తనవాళ్లనుకున్నవాళ్లకు పంచాకే మామూలు ప్రతులు అంగడికి పంపేవాడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు నందికొండ డ్యాం ఆఫీసులో రిటైరయ్యాక నాకు ఈ పుస్తకాల పిచ్చి ముదిరింది. నా దగ్గర లేనివి చుట్టాల ఇళ్లల్లో బతిమాలి తెచ్చుకున్నాను. గుడ్డ రంగు, సిరా రంగు, సంతకం తోక ఎటు తిరిగిందో కూడా భూతద్దం పెట్టి చూసి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత తేరిపార చూడలేదని మా ఆవిడ ఎత్తిపొడిచేది.

మామకు పక్షవాతం వచ్చిందని తెలిశాక, వెళ్దాం వెళ్దామనుకుంటూనే నెలలు గడిపేశాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆలోగా చివరి పుస్తకం బస్సు పార్సిల్లో వచ్చింది. సంతకం చూస్తే మామ చేతిరాత కాదు, పైన పసుపు మరక. మూడు రోజులు ఆ పేజీని పరిశీలించాను గానీ మనిషిని చూడడానికి ఒక్క పూట తీరిక చేసుకోలేదు. మామకు సన్మానం చేస్తూ ఊరివాళ్లు వేసిన సంచికలో నా నోటుబుక్కులోని పుస్తకాల వివరాలన్నీ అచ్చయ్యాయి, ఆ రెండు మాటలతో సహా. నేను చాలా గర్వంగానే సభకు వెళ్లాను.

మామ కుర్చీలో ఒరిగి కూర్చున్నాడు. పక్కనే అత్త, ఒళ్లో సంచిక. నేను వంగి కాళ్లకు మొక్కుతుంటే మెల్లగా అంది.

"గది మరక గాదు అల్లుడా, మీ మామ ఏలు. చెయ్యి లేస్తలేదని, పెండ్లిపత్రికకు పెట్టినట్టు ఏలు పసుపుల ముంచి వంద పుస్తకాలకు నేనే ఒత్తిపిచ్చిన. సదివెటోళ్లకు తెల్వాలని కింద ఆయన పేరు నేను రాసిన. జర ఒక్క మాట అడుగకపోతివి?"

ఆ వందకూ పది రోజులు పట్టిందట. మామ నా వైపు చూడలేదు. వంకరపోయిన నోటితో కూడదీసుకుని "నా పుస్తకం వాపస్ ఇయ్యి" అన్నాడు.

మరుసటి వారమే తీసుకెళ్లి ఇచ్చాను. ఎడమచేత్తో అందుకుని దిండు కింద పెట్టుకున్నాడు. మళ్లీ నాతో మాట్లాడకుండానే పోయాడు.

మనం చదువుకున్న రోజుల్లో పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది, మీకూ గుర్తుండే ఉంటుంది. ముందు దాన్ని చూసి కలంతో దిద్దుకుని, ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడది ఎవరూ వేయడం లేదు. నా రెండు మాటలు మాత్రం ఈ ఫోను నుంచి ఆ ఫోనుకు పోతూనే ఉన్నాయి. కలం పట్టుకుని ఎవరింటికని వెళ్లి దిద్దను?